ఆరని ఊపిరి సంచులు

ఇది నేను ఒకే రోజున ఆరుగురి ఊపిరి ఆపబోయిన కథ. హంతకుడి వాఙ్మూలం అనుకుని కంగారుపడకండి. నా చేతిలో కత్తి లేదు, విషం లేదు. ఆరు తడి సంచులు ఉన్నాయి, అంతే. ఆరబెట్టమన్నారు, ఆరబెట్టాను. ఆ పనిని ఇంతకంటే ఘోరంగా చేసిన మనిషి మా కోలారు జిల్లాలో ఇంకొకడుంటే అడ్రసు రాసి పంపండి. వెళ్ళి దండం పెట్టుకుని వస్తాను.

బంగారు గనులు సర్కారు చేతికి వచ్చిన తర్వాతి మాట. ఊరిగాంలోని మా గనికి ఒక రెస్క్యూ రూము ఉండేది. భూమిలో మైలు పైచిలుకు లోతున ఎక్కడైనా పొగ కమ్ముకుంటే, లోపలున్న వాళ్ళను బయటికి తెచ్చే జట్టు అందులోనే ఉండేది. ఆ జట్టు తొడుక్కునే సెట్లను కడిగి, ఆరబెట్టి, మళ్ళీ బిగించి పెట్టడం నా ఉద్యోగం. సెట్టు అంటే ఏమిటో ఇక్కడే చెప్పేస్తాను, లేకపోతే తర్వాత నా ఏడుపు మీకు అర్థం కాదు. రొమ్ము మీద ఒక రబ్బరు సంచి, వీపున ఆక్సిజన్ సిలిండరు, సంచి నుంచి నోటిదాకా ముడతలు ముడతలుగా రెండు లావుపాటి గొట్టాలు. మనిషి వదిలిన గాలి బయటికి పోదు. సంచిలోకే పోతుంది. అందులో సున్నం లాంటి పలుకులు బొగ్గుపులుసు వాయువును లాగేసుకుంటాయి, సిలిండరు కాస్త ఆక్సిజన్ కలుపుతుంది, ఆ గాలే మళ్ళీ నోటికి వస్తుంది. బయట ఎంత పొగ ఉన్నా దానితో పనిలేదు.

ఈ సంగతి కొత్తగా పెళ్ళయిన రోజుల్లో నా భార్య సరోజకు చాలా గొప్పగా చెప్పాను.

"అంటే వదిలిన గాలినే మళ్ళీ పీల్చుకుంటారా బావా? దానికి జీతం గూడా ఇస్తారా?" అంది.

"నేను పీల్చను. పీల్చినవాళ్ళ సంచులు కడుగుతాను. లోపలంతా ఉమ్ము, చెమ్మ నిండి ఉంటుంది."

ఈ మాట గోడ అవతల ఉన్న మా అత్త చెవిన పడింది. అత్త అంటే కొత్త అత్త కాదు, మా మేనమామ పెళ్ళాం, నన్ను చెడ్డీ లేని వయసు నుంచి ఎరిగిన మనిషి. మర్నాటికల్లా ఊరంతా తెలిసిపోయింది: "మా సీనప్పకి కంపెనీలో ఉమ్ములు కడిగే పని దొరికినాదంట!"

ఆ పని కూడా అప్పటికి నాది కాదు. ఆరు నెలల ట్రయల్ మీద ఉన్నాను. పర్మనెంటు అయితే కంపెనీ క్వార్టర్సు ఇస్తుంది. క్వార్టర్సు ఇస్తే సరోజను తెచ్చుకోవచ్చు. అంతవరకు తను మాస్తి పక్కన పల్లెలో పుట్టింట్లో, నేను ఊరిగాంలో మరో ముగ్గురు బ్రహ్మచారులతో ఒకే గదిలో. పెళ్ళయి నాలుగు నెలలు. వారానికొకసారి బస్సెక్కి వెళ్ళి, అత్త ఎదుట తల వంచుకుని రాగిముద్ద మింగి, సరోజతో పది మాటలు మాట్లాడి తిరిగి రావడం. నాకు అప్పుడు దేవుడు కనిపించి ఏం కావాలని అడిగి ఉంటే మోక్షం అనేవాణ్ణి కాదు, రెండు గదుల రేకుల ఇల్లు అనేవాణ్ణి.

ఆ ఇంటికీ నాకూ మధ్య నిలబడిన మనిషి ఆరోగ్యసామి అన్న. జట్టు కెప్టెను. పొడుగ్గా, గుంజకు మీసం అతికించినట్టు ఉండేవాడు. గదిలో గోడ మీద నల్లటి పలక వేలాడదీసి తెల్ల రంగుతో నాలుగు వరసలు రాయించాడు. రోజూ పొద్దున నన్ను దాని ముందు నిలబెట్టి, నా వీపు పలకకు తిప్పి ఒప్పజెప్పించుకునేవాడు.

"చెప్పు తంబీ."

"ఎండ వద్దు. ఎండకు రబ్బరు పగుల్తుంది. నిప్పు వద్దు. నిప్పు సెగకు రబ్బరు కరుగుతుంది. నూనె వద్దు. ఆక్సిజన్ దగ్గర నూనె ఉంటే అంటుకుంటుంది."

"నాలుగోది?"

"తడి వద్దన్నా. తడి ఉంటే బూజు పడుతుంది, వాల్వు అతుక్కుంటుంది."

"అతుక్కుంటే?"

"మనిషి పోతాడన్నా."

"మనిషి పోతే నీ పర్మనెంటు గూడా పోతాది. గుర్తు పెట్టుకో."

సోమవారం పొద్దున పెద్ద ఇన్స్పెక్టరు వచ్చి గనుల జట్లన్నిటికీ పోటీ పెడతాడని కబురొచ్చింది. నా ఉద్యోగం సంగతి కూడా ఆ రోజే తేలుస్తారని ఆరోగ్యసామి అన్న చెప్పాడు. మా జట్టు శుక్రవారం సాయంత్రం దాకా పొగ గదిలో అభ్యాసం చేసి, ఆరు సెట్లను ఊపిరి చెమ్మతో నింపి నా బల్ల మీద పడేసి పోయింది. నేను గోరువెచ్చని నీళ్ళతో కడిగాను, మందు నీళ్ళలో ముంచాను, మళ్ళీ కడిగాను, దండెం మీద తలకిందులుగా వేలాడదీశాను. అప్పుడు మొదలైంది వాన.

మా వైపు వాన అంటే దంచికొట్టి పోయేది కాదు. చుట్టం లాంటిది, వచ్చి కూర్చుంటే కదలదు. శనివారం పొద్దునకు సంచుల్లో చెయ్యి పెడితే బయటికి తీసిన చెయ్యి నిగనిగలాడింది. విసనకర్రతో విసిరాను. సైకిలు పంపు పెట్టి గాలి కొట్టాను. చివరికి నోటితో ఊదాను. ఊదిన తర్వాత గుర్తొచ్చింది, ఊపిరిలో ఉండేదే చెమ్మ అని. గంటసేపు ఊది, ఉన్న తడికి ఇంకాస్త కలిపాను.

ఆరోగ్యసామి అన్న వచ్చి వేలు పెట్టి చూశాడు. వేలు నా చొక్కాకు తుడిచాడు.

"తంబీ, సోమవారం పొద్దున ఎనిమిదికి ఇవి పొడిగా ఉండాల."

"వాన అన్నా..."

"వానకు మెమో ఇచ్చేదానికి నాకు అధికారం లేదు. నీకు ఇచ్చేదానికి ఉండాది. యాడ ఆరబెడతావో నాకు తెలియదు. నీడ ఉండాల, గాలి ఉండాల, చెమ్మ ఉండకూడదు. అంతే."

నీడ, గాలి, చెమ్మ లేని చోటు! ఆ మాటలు నేను ఎక్కడో విన్నాను. రెండు నిమిషాలు ఆలోచిస్తే తట్టింది. మా అత్త పట్టుపురుగుల ఇల్లు గురించి సరిగ్గా ఈ మాటలే చెప్పేది. ఆ ఇంటికి పైన గూనపెంకులు, కింద పేడతో అలికిన నేల, గాలికి ఎత్తుగా చిన్న కిటికీలు. వాన రోజుల్లో మూలలకు పొడి సున్నం చల్లి, పసిబిడ్డ గదిని చూసుకున్నట్టు చూసుకునేది. జిల్లాలో అంతకంటే పొడిగా ఉండే చోటు లేదు. పైగా (ఇక్కడ మీరు నవ్వుకోవచ్చు) ఆదివారమంతా సరోజను చూడొచ్చు. నా బుద్ధికి నేనే మురిసిపోయాను. అలా మురిసిపోయిన ప్రతిసారీ నాకు ఏదో ఒకటి జరుగుతూనే ఉంది, అయినా మానలేదు.

సామాను బయటికి తీసుకుపోవాలంటే పాసు కావాలి. రిపేరు కోసం వర్క్‌షాపుకు పంపే పాసులు అన్న ముందే సంతకం పెట్టి ఇచ్చి ఉంచేవాడు. అందులో ఒకటి చించి "ఆరబెట్టుటకు" అని రాసుకున్నాను. సిలిండర్లు అక్కడే ఉంచి, ఆరు సంచులు, పన్నెండు గొట్టాలు గోనెలో కట్టుకుని గేటు దగ్గరికి వెళ్ళాను. బంగారం ఉన్న చోటు కాబట్టి ఆ గేటు దగ్గర మనిషి చెప్పుల అడుగులు కూడా తిప్పి చూసేవారు.

"మూటలో ఏముండాదప్పా?" అన్నాడు కావలి మనిషి.

"ఊపిరి సంచులు."

"ఏంది?"

"గాలి సంచులన్నా. మనిషి గాలి వదుల్తాడే, ఆ గాలి."

"గాలిని యాడికి ఎత్తుకొని పోతుండావు?"

"ఆరబెట్టేదానికి."

అతను నన్ను కాసేపు చూసి, ఒక సంచిలో మోచేతి దాకా చెయ్యి దూర్చాడు. "అయ్యో, తడిగా ఉండాదే!" అన్నాడు.

"అందుకే కదన్నా."

అతను చెయ్యి విదిలించి, వాసన చూసుకుని, "పో పో" అన్నాడు. ఆ చేతిని వానలో చాచి పెట్టుకుని నిలబడటం బస్సెక్కేదాకా కనిపించింది.

మా అత్త గుమ్మంలోనే ఆపేసింది.

"ఇంగ ఇదేంది సీనా, ఏనుగు తొండాలు కోసి తెచ్చినావా?"

చెప్పాను. వినింది. ఒక గొట్టం ఎత్తి వాసన చూసింది. "మందు వాసన వస్తాది. నా పురుగులు పండినాయి. ఈ వాసనకు అవి గూడు కట్టకపోతే నువ్వు కట్టిస్తావా?"

పండిన పురుగు అంటే మల్బరీ ఆకు తినడం మానేసి, ఒళ్ళు లేత పసుపురంగుకు తిరిగి, తల పైకెత్తి గూటికి చోటు వెతుక్కునే పురుగు. వాటిని చంద్రికల మీద వేస్తారు. చంద్రిక అంటే వెదురు తడిక మీద వెదురు బద్దను చుట్టలు చుట్టలుగా కుట్టిన పెద్ద పలక. ఆ సందుల్లో పురుగులు గూళ్ళు కట్టుకుంటాయి. ఆరోజు అత్త ఇంట్లో చంద్రికలన్నీ గోడలకు ఆనించి నిండుగా ఉన్నాయి.

నేను బావి దగ్గరికి పోయి మళ్ళీ కడిగాను. అత్త వాసన చూసింది. మళ్ళీ కడిగాను. మూడోసారి ఒప్పుకుంది. పోపు పెడుతూ వచ్చిన చేతితో సంచి పట్టుకోబోతే అరిచాను.

"ఆగత్తా! నూనె చెయ్యి తగిలితే అంటుకుంటాది!"

"నా చెయ్యా, నీ సంచా?" అంది అత్త. అయినా చెయ్యి వెనక్కి తీసుకుంది.

చంద్రికల పైన వాసానికి తాడు కట్టి సంచులు, గొట్టాలు వేలాడదీశాను. గొట్టాల మూతులు కిందికి, నీళ్ళు కారిపోవడానికి. ఆ మూతులు చంద్రికల అంచులకు తగులుతున్నాయని చూశాను. చూసి, ఇంకా మంచిది, ఊగకుండా ఉంటాయి అనుకున్నాను. సంచుల మూతులకు గుడ్డ కట్టాను. గొట్టాలకు కట్టలేదు. గాలి ఆడాలి కదా!

ఆదివారం హాయిగా గడిచింది. మళ్ళీ మళ్ళీ వెళ్ళి సంచులు తడిమి చూశాను. సాయంత్రానికి లోపల చెయ్యి పెడితే గరగరమన్నంత పొడి. సరోజకు క్వార్టర్సులో ఏ గదిలో పొయ్యి పెట్టాలో నేల మీద గీసి చూపించాను. తను పొయ్యి చెరిపి కిటికీ పక్కకు మార్చింది. ఆ గీతలు చూస్తుంటే ఆ ఇల్లు నాకు వచ్చేసినట్టే అనిపించింది.

సోమవారం తెల్లారి మొదటి బస్సు అరగంట ముందే వచ్చి హారను కొట్టింది. గొట్టాలను వెలుతురుకు పెట్టి ఆ చివర నుంచి ఈ చివరకు చూడాలన్నది అన్న నేర్పిన మొదటి పాఠం. నేను మూటకట్టి పరిగెత్తాను. రెస్క్యూ రూముకు చేరేసరికి ఇన్స్పెక్టరు జీపు గేటు దాటుతోంది. గబగబా సెట్లు బిగించి, తుడిచి, వరసలో పెట్టి, జుట్టు దువ్వుకుని నిలబడ్డాను.

ఇన్స్పెక్టరు పొట్టిగా, ప్రశాంతంగా ఉండే కడప మనిషి. ప్రతి జట్టు గదిలోకీ ఒంటరిగా వెళ్ళి, తలుపు మూసుకుని, రెండు నిమిషాల్లో బయటికి వచ్చాడు. తక్కిన జట్ల వంతు అయ్యాక, చివరికి మా అందరినీ లోపలికి పిలిచాడు.

"ఈ ఆరు సెట్లలో ఒక దానిలో నేను ఒక లోపం పెట్టాను. పొగలోకి పోకముందే కనిపెట్టాలి. పది నిమిషాలు."

ఆరోగ్యసామి అన్న మొదటి సెట్టు నోట్లో పెట్టుకుని గాలి పీల్చాడు. చెంపలు లోపలికి పోయాయి. కళ్ళు బయటికి వచ్చాయి. వెంటనే తీసేశాడు. "ఇదే సార్! గాలి రావడం లేదు." మొహం వెలిగిపోయింది. గొట్టం విప్పి బల్ల మీద తట్టాడు. రాలేదు. వేలు పెట్టి తిప్పాడు. బంగారు రంగులో, బొటనవేలంత, నున్నటి పట్టుగూడు ఊడి బల్ల మీద దొర్లింది.

ఇన్స్పెక్టరు దాన్ని చూశాడు. "ఇది నేను పెట్టింది కాదు."

నేను గోడ మీది పలక వైపు తిరిగి నాలుగు వరసలూ మళ్ళీ చదువుకున్నాను.

అన్న రెండో సెట్టు తీశాడు. పీల్చాడు. విప్పాడు. రెండు గూళ్ళు.

"ఇవీ నేను పెట్టినవి కావు," అన్నాడు ఇన్స్పెక్టరు, కుర్చీ ముందుకు జరుపుకుంటూ.

మూడోది మునియప్ప అనే జట్టు మనిషి తీశాడు. పీల్చడానికి భయపడి, ఊదాడు. రెండో గొట్టం మూతిలోంచి పండిన పట్టుపురుగు ఒకటి నెమ్మదిగా తల బయట పెట్టి, చుట్టూ చూసి, దగ్గరలో గుబురుగా కనిపించిన మునియప్ప మీసం మీదికి ఎక్కింది. చోటు నచ్చినట్టుంది, తల అటూ ఇటూ ఊపుతూ దారం తీయడం మొదలుపెట్టింది. మునియప్ప కదల్లేదు. పోటీలో కదిలితే మార్కులు పోతాయని అతని నమ్మకం.

"సార్, ఇది?" అన్నాడు పెదవులు కదపకుండా.

"నాది కాదయ్యా!"

నాలుగులో ఒక గూడు. అయిదులో మూడు. ఆరో సెట్టు విప్పేటప్పుడు అందరూ బల్ల మీదికి వంగారు. గొట్టంలోంచి ఒక బిరడా పడింది.

"ఆ! అది నాది!" అని ఇన్స్పెక్టరు కుర్చీలోంచి లేచి అరిచాడు, తప్పిపోయిన బిడ్డ దొరికినట్టు. తర్వాత సర్దుకుని కూర్చున్నాడు. "సరే. మిగతావి ఎవరివి?"

ఆరోగ్యసామి అన్న నా వైపు చూశాడు. అందరూ నా వైపు చూశారు. పురుగు కూడా చూసిందనే నా అనుమానం.

"మా అత్తవి సార్," అన్నాను.

తర్వాత అంతా చెప్పేశాను. వాన, పాసు, గేటు, చంద్రికలు, బస్సు హారను. నవ్వు రాలేదు ఎవరికీ, నాకు అసలే రాలేదు. ఆ గొట్టాలు తగిలించుకుని ఈ మనుషులు చూడకుండా పొగలోకి వెళ్ళి ఉంటే? మునియప్పకు ముగ్గురు పిల్లలు. క్వార్టర్సు, పొయ్యి, కిటికీ అన్నీ కళ్ళముందే చెరిగిపోయాయి.

"వెలుతురుకు పెట్టి చూడలేదు సార్. తప్పు నాదే. కానీ ఆరలేదని మాత్రం అనకండి," అన్నాను, ఏడుపు మింగుతూ. "చెమ్మ ఉన్న చోట పురుగు గూడు కట్టదు. మా అత్త ముప్పై ఏళ్ళుగా పెంచుతుండాది. కావాలంటే అడగండి."

ఇన్స్పెక్టరు జేబులోంచి తెల్లటి చేతిరుమాలు తీసి, ఒక్కొక్క సంచిలో పెట్టి తుడిచి, వెలుతురులో చూశాడు. ఆరు సంచులు. రుమాలు తీసినంత పొడిగా తిరిగి జేబులోకి పోయింది. ఆ వానలో తక్కిన జట్ల సంచులు తుడిచిన ఇంకో రుమాలు జేబులోంచి తీసి పిండితే రెండు చుక్కలు రాలాయి.

"నేను ఒక్క లోపం పెట్టాను," అన్నాడు. "రెండు జట్లు దాన్ని కూడా పట్టుకోలేదు. మీరు ఆరు సెట్లలో ఆరు లోపాలు, లోపలికి పోకముందే పట్టుకున్నారు. అందుకు నిండు మార్కులు. సంచులు పొడిగా ఉన్నాయి, దానికీ నిండు మార్కులు. పురుగులు వచ్చి సర్టిఫికెట్టు ఇచ్చినాక నేను కాదనేది ఏముంది?" అప్పుడు నవ్వాడు. అతను నవ్వాక గది కూలేంత నవ్వారు, మునియప్ప తప్ప. అతని మీసం అప్పటికే పైపెదవికి అతుక్కుపోయింది.

షీల్డు మాకే వచ్చింది. ఆరోగ్యసామి అన్న దాన్ని నెత్తిన పెట్టుకుని ఊరిగాం బజారంతా నడిచాడు. నేను వెనకాల ఏడో మనిషిగా నడిచాను, అయినా నా అంత పొడుగు మనిషి ఆరోజు ఆ బజార్లో లేడని ఇప్పటికీ నా నమ్మకం. వారం తిరక్కుండా నాకు ఒక కవరు వచ్చింది. అందులో రెండు కాగితాలు. ఒకటి, కంపెనీ సామాను అత్తగారింటికి తీసుకుపోయినందుకు మెమో. రెండోది, పర్మనెంటు ఆర్డరు. రెండింటి మీదా ఒకే సంతకం, ఒకే తేదీ.

సరోజను తీసుకురావడానికి వెళ్తూ, ఏడు గూళ్ళనూ గుడ్డలో కట్టి అత్తకు తిరిగి ఇచ్చాను. తిట్లకు సిద్ధపడి తల వంచుకున్నాను కూడా. అత్త గూళ్ళను ఒక్కొక్కటి తీసి, చెవి దగ్గర ఆడించి, వెలుతురుకు పెట్టి చూసింది.

"సీనా."

"అత్తా."

"నా చంద్రికల్లో ఇంత చక్కని గూడు ఒక్కటీ లేదు. మచ్చ లేదు, వంకర లేదు." నా చెయ్యి పట్టుకుంది. పుట్టి బుద్ధెరిగాక ఆమె నా చెయ్యి అంత ప్రేమగా పట్టుకోవడం అదే మొదలు. "వచ్చే పంటకు ఇంగో ఇరవై గొట్టాలు తీసుకొని రాప్పా."

ఈ సంగతి తెలిసిన రోజే ఆరోగ్యసామి అన్న రంగు డబ్బా తెప్పించాడు. గోడ మీది పలకలో ఎండ వద్దు, నిప్పు వద్దు, నూనె వద్దు, తడి వద్దు కింద తన చేత్తోనే అయిదో వరస రాశాడు: అత్త వద్దు. నేను ఆ పలక ముందు నిలబడి, ఆరు ఊపిరి సంచుల మీద చెయ్యి వేసి, మునియప్ప మీసం సాక్షిగా ప్రమాణం చేశాను. ఈ జన్మలో గొట్టాన్ని వెలుతురుకు పెట్టి చూడకుండా బిగించను, ఏ సంచినీ అత్తగారింటి గడప దాటించను అని. రిటైరయ్యే దాకా ఆ ప్రమాణం తప్పలేదు. అత్త మాత్రం నాతో ఆరు నెలలు మాట్లాడలేదు.